ఐదు చీటీల ఖుత్బా పుస్తకం

"అవ్వా, కాలేజీలో మన ఊరి చరిత్ర రాసుకురమ్మన్నారు. ఈ ఉదయగిరి కొండను ఎవరెవరు ఏలినారో నీకేమన్నా తెలుసా?"

తెలుసా అంటావేంది అమ్మణ్ణీ, నా చేత్తో పట్టుకోని చూసినాను వాళ్లందర్నీ. నవ్వబాక. ఆ టేపు డబ్బా కొంచెం దూరంగా పెట్టు, మూతికి తగలతాంది. ఆఁ, అట్ట.

నేను చెప్పేది కొండ సంగతి గాదు, కాయితాల సంగతి. కొండ సంగతి మీ అయ్యవార్లు చెప్తారు. గజపతులంట, రాయలంట, ఆయన శానా దినాలు కొండ కింద కాసుకోనుండి పట్టుకున్నాడంట, అదంతా మీ పుస్తకంలో ఉంటది. వాళ్ల తరవాత వచ్చిన తురక పాదుషాలుండారే, వాళ్లను మీ పుస్తకంలో రెండు ముక్కల్లో తేల్చేసుంటారు. అవునా కాదా? చూడు, నేను చెప్పలా. మా మామ కాడ ఒక పుస్తకం ఉండేది. మా మామంటే మీ తాతకు నాయన, నీకు ముత్తాత. పెద్ద మస్తాను అనేవాళ్లు ఊళ్లో. ఆ పుస్తకంలో ఆ పాదుషాలంతా ఒకరి మీద ఒకరు పండుకోని ఉండినారు.

ఎట్టంటే... ఉండు, మొదట్నించీ రానీ.

నాది ఆత్మకూరు గదా. మా నాయన ఆడ తాలూకా కచ్చేరి అరుగు మీద కూచోని అర్జీలు రాసేవాడు. తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు కూడా సంతకం కాడికి వచ్చు. మేము దూదేకులోళ్లం, నూర్‌బాషాలని కూడా అంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మాట్లాడే సాయిబులు మమ్మల్ని ఒక మెట్టు కిందనే కూచోబెట్టేవాళ్లు. మా నాయనకు అది గుచ్చుకోని, పంతానికి ఉర్దూ నేర్చుకున్నాడు. మొగబిడ్డ లేడు గదా, ఆ పంతం తెచ్చి నా నెత్తిన పెట్టినాడు. పలక మీద అలిఫ్, బే అని దిద్దించేవాడు, అరబ్బీకీ ఆ అక్షరాలే గదా. తప్పు రాస్తే చెవి మెలేసేవాడు. ఇదిగో ఈ చెవే. ఇప్పుడు వినపడేది కూడా తక్కువే దీంట్లో, దానివల్లనేమో ఏమో.

నన్ను ఉదయగిరికి ఇచ్చినప్పుడు బొగ్గు బస్సు. నీకు తెలీదులే, వెనక పొయ్యి మాదిరి ఉండేది, దాంట్లో బొగ్గేసి తిప్పతా ఉండేవాడు. దోవలో ఎత్తు కాడ ఆగిపోయింది. అందర్నీ దిగి తొయ్యమన్నారు. పెండ్లికూతురు పెండ్లికూతురని అందరూ అంటానే ఉండారు, నేను కూడా దిగి తోసినాను. మీ తాత పక్కన నిలబడి నవ్వినాడు. తోసేదానికి రాడు, నవ్వేదానికి వచ్చినాడు.

ఈడ ఇల్లు మసీదుకు ఆనుకోనే. కొండ మీద పాతవి ఉండాయే, పాడుబడినవి, అవి గాదు. కొండ కింద చిన్నది. గోడ ఒకటే, ఇవతల మా వంటిల్లు, అవతల మసీదు. పొద్దున లేస్తే దూదేకే విల్లు మోత. అన్నంలో దూది, తల్లో దూది, పసిబిడ్డ ముక్కులో దూది. పరుపు ఏకి కుడితే రూపాయి, దిండుకు బేడ, అంటే రెండణాలు. ఆ రూపాయికి ఇంట్లోకి వారానికి సరిపడా సజ్జలు వచ్చేవి, మళ్లా మీ అత్తమ్మోళ్లకు గాజులు కూడా... సరే, యాడికో పోతన్నా. పుస్తకం గదా చెప్పతన్నా.

ఆ మసీదుకు ముందర ఖతీబు సాయిబని ఒకాయన ఉండేవాడంట. నేను చూడలా. ఖతీబంటే శుక్రవారం మజ్జాన్నం నమాజుకు ముందర నిలబడి అరబ్బీలో ఖుత్బా చదివేవాడు. అల్లాను తల్చుకుంటారు, ప్రవక్తను తల్చుకుంటారు, కడాకు ఈ దేశాన్ని ఏలే పాదుషా చల్లంగా ఉండాలని దువా చేస్తారు. దాంట్లో ఆ పాదుషా పేరు చెప్పాల. ఎవరి పేరు చదివితే రాజ్యం వాడిదని లెక్క ఆ కాలంలో. నాణెం మీద పేరెట్టో ఇదీ అట్టనే.

ఆ పుస్తకం ఖతీబు సాయిబోళ్ల ఇంటిది. చేత్తో రాసింది, తోలు అట్ట, అంచులు పురుగు కొట్టేసింది. వాళ్లింట్లో ఒక ఆచారం ఉండింది. రాజ్యం చేతులు మారి కొత్త పాదుషా వచ్చినాడని కబురొస్తే పాత పేరు కొట్టేసేది లేదు. ఒకసారి దువా చేసినాక ఆ పేరు మీద గీత పెట్టగూడదు, చించగూడదు. ఇంత చీటీ మీద కొత్త పేరు రాసి, పైఅంచుకు మాత్రం తుమ్మబంక పూసి, పాతదాని మీద అంటించేది. కింద అంచు వదిలేసేది. అందుకని ఎత్తి చూస్తే కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. అర్థమయిందా?

ఆయనకు ముసలితనమొచ్చి కూతురి కాడికి హైదరాబాదు పోతా పోతా ఖుత్బా ఎవరికి అప్పజెప్పాల? ఉర్దూ సాయిబుల ఇండ్లు అప్పటికే కొన్ని నెల్లూరుకి, కొన్ని మద్రాసుకి ఎలిపోయినాయి. మా మామ మసీదు ఊడ్చేవాడు, దీపం పెట్టేవాడు. గొంతు మాత్రం, ఏం చెప్పమంటావు, కొండకు తగిలి తిరిగొచ్చేది. సరే నువ్వే చదువురా మస్తానూ అని మూడు నెల్లు ఎదురుగా కూచోబెట్టుకోని నోటితో చెప్పినాడంట. మా మామకు అక్షరం ముక్క రాదు. విల్లు మీటతా మీటతా మొత్తం బట్టీ పట్టేసినాడు. ఒక్క అక్షరం జారదు. కానీ ఏం చెప్పతన్నాడో ఆయనకు తెలీదు. శుక్రవారం పుస్తకం తెరిచి చేతిలో పట్టుకోని, కండ్లు దాని మీద పెట్టి, పేజీ కూడా తిప్పేవాడు. చూసి చదవతన్నాడనే ఊరంతా అనుకునేది. మీ తాత కూడా అట్టనే అనుకున్నాడు, కన్నకొడుకు.

నాకు మాత్రం పెండ్లయిన నెలకే తెలిసిపోయింది. బేస్తవారం నాడు వసారాలో పుస్తకం పెట్టుకోని ఒకసారి చెప్పుకునేవాడు, మరుసటి దినం తప్పు పోకుండా. నేను చెంబుతో నీళ్లు ఇయ్యబోయి చూస్తే, పేజీలో మాటలు సగంలో ఉండగానే తిప్పేసినాడు. నోరు మూసుకోని నీళ్లిచ్చి వచ్చినాను. కోడలికి ఎందుకు ఆ సంగతి?

ఆయనకు ఆ పుస్తకమంటే ఎంత గొప్పంటే, దూదేకులోడు ఖుత్బా చదవడమేందని నెల్లూరు నించి వచ్చిన సాయిబు ఎవరో అంటే, పాదుషా పేరు నా నోట్లో ఉండాది, నువ్వు నన్ను అనేదేందిరా అన్నాడంట. పరుపులు ఏకేటప్పుడు వంగిన నడుం శుక్రవారం నిలువుగా అయ్యేది. నేను చూసినాను గదా.

ఇంక చూడు, సొతంత్రం వచ్చిన మరుసటేడు. నైజాము నా రాజ్యం నాదేనని కూచున్నాడు. మన సైన్యం హైదరాబాదు మీదికి పోయింది, నాలుగైదు దినాల్లో అయిపోయింది. ఈడ మాకేం సంబంధం? మాది మద్రాసు రాజ్యం. అయినా టీ అంగడి కాడ పేపరు చదివేటప్పుడు మీ తాత పోతే మాట ఆపేసేవాళ్లంట. ఎవరు మంచోళ్లు ఎవరు చెడ్డోళ్లని నేను చెప్పను. భయం వాళ్లకీ ఉండాది, మాకూ ఉండాది. అప్పుడు ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టేసినారు. ఉదయగిరి కొండ కింద మసీదులో వారం వారం నైజాముకు పూజ చేస్తన్నారని. పోలీసు ఎస్సయ్య బుధవారం తలారితో కబురంపినాడు. శుక్రవారం పొద్దున వస్తా, పుస్తకం సిద్ధంగా పెట్టుకోండి, చదివేదానికి ఉర్దూ వచ్చినాయన్ను తెస్తా, నైజాము పేరుంటే స్టేషనుకు తీసుకపోతా అని.

మీ తాత అప్పుడు ఊళ్లో లేడు. విల్లు బుజానేసుకోని సీతారామపురం పక్క పల్లెలకు పోయినాడు, వచ్చేటప్పటికి పది దినాలు. ఇంట్లో మామ, అత్త, నేను.

బేస్తవారం మజ్జాన్నం మామ నన్ను పిలిచినాడు. అత్తను వాకిట్లో కూచోబెట్టినాడు, ఎవరన్నా వస్తే దగ్గమని. "అమ్మాయ్, నీకు ఆ రాత తెలుసంట గదా" అన్నాడు. తెలుసు మామా అన్నా. చేతులు కాళ్లు కడుక్కోని రమ్మన్నాడు. ఆడోళ్లు తాకని పుస్తకం. తెచ్చి నా ఒళ్లో పెట్టినాడు. ఆ దువా కాడ చీటీలుండే పేజీ ఆయనకు తెలుసు, వేలితో తడిమితే మందంగా ఉండేది. "పైన ఎవరి పేరుండాది?" అని అడిగినాడు.

మామకు చదవను రాదన్న సంగతి నాతో అన్నట్టే గదా అది. ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలా.

చూసినాను. పైది నైజాముదే.

చెప్పినాను. వేలితో ఆ చీటీ తడిమినాడు. తరవాత, "అయితే నేను ఇన్నేండ్లు చేసింది ఆయనకన్నమాట" అన్నాడు. భయపడినాడు, నిజమే. కానీ ఆ గొంతులో కొంచెం గొప్ప కూడా ఉండింది అమ్మణ్ణీ. అంత పెద్ద పాదుషాకు నేను దువా చేసినానే అని. "కిందవి కూడా చదువు, ఎవరెవరుండారో విందాం" అన్నాడు.

ఎత్తినాను. నైజాము కింద ఆర్కాటు నవాబు. ఆయన చీటీ పెద్దది, బిరుదులే నాలుగు వరసలు. మా మామ దానికి కత చెప్పినాడు, ఖతీబు సాయిబు చెప్పిన కతే. ఆర్కాటు నవాబు ఈ కొండను తనోళ్లకు జాగీరిచ్చినాడంట. తరవాత కుంపిణీ వాళ్లొచ్చినారు, నవాబుకు పింఛను పడేసి దేశం వాళ్లు తీసుకున్నారు. జాగీరుదారు మాత్రం ఇంకొన్నాళ్లు ఉండినాడు. కర్నూలు నవాబుతో కలిసి ఏందో గూడుపుఠాణీ చేస్తన్నాడని ఆయన్ను కూడా ఊడబెరికి అరవ దేశం పక్క తీసకపోయి పెట్టినారంట. చేసినాడో లేదో ఎవరికి తెలుసు? కుంపిణీ దొరకు ఖుత్బాలో చోటు లేదు గదా. అందుకని ఆర్కాటు చీటీ, రాజ్యం లేని నవాబు చీటీ, అట్టనే ఉండిపోయింది శానా కాలం. ఖతీబు సాయిబుకో ఆయన నాయనకో ఇట్ట గాదని తోచి, దగ్గిర్లో మిగిలినోడు నైజామొకడే గదా, ఆయన్ను అంటించుకున్నారు. నైజాము ఈ ఊరు చూడలా, ఈ ఊరు నైజామును చూడలా.

ఆర్కాటు కింద ఢిల్లీ పాదుషా. గోల్కొండను మింగేసినాయన. ఆయన కింద గోల్కొండ. ఆ కాయితం చేత్తో పట్టుకుంటే పొడిపొడి అవుతాంది, ఊపిరి బిగబట్టి ఎత్తినాను. కొండ మీద ఆ మసీదులు కట్టిచ్చింది ఆ గోల్కొండ వాళ్లేనంట. వాళ్లుండే రోజుల్లో ఈడ గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టే గాడిపొయ్యిలే కొండ పొడుగునా ఉండేవని మామ చెప్పినాడు. ఖతీబు సాయిబు ఆయనకు చెప్పినాడు, ఆయనకు ఇంకెవరు చెప్పినారో.

నాలుగయిపోయినాయి. దాని కింద పుస్తకంలో మొదట రాసిన మాట ఉండాది. అది చదివినాను. చదివి, మళ్లా చదివినాను.

అక్కడ ఎవరి పేరూ లేదు. ఫులాన్ బిన్ ఫులాన్ అని ఉండాది. అంటే మనం ఫలానా వాడి కొడుకు ఫలానా అంటామే, అది. మా నాయన అర్జీ నమూనాలు ఉండేవి చూడు, ఫలానా గ్రామ కాపురస్తుడు ఫలానా అని, ఆడ నువ్వు నీ పేరు రాసుకోవాల. ఖుత్బా పుస్తకం కూడా యాడో నమూనా చూసి రాసుకున్నారు, పేరు కాడ ఖాళీకి బదులు అది పెట్టినారు. పేరుకు చీటీ అంటించుకునేది అందుకనే.

మరి నేను రెండుసార్లు ఎందుకు చదివినానంటే, బేస్తవారం బేస్తవారం మామ చెప్పుకునేది నేను వంటింట్లోంచి వింటానే ఉండాను గదా. ఆ మాట నా చెవిలో ఉండాది. మామ నోట్లో ఉండేది నైజాము పేరు గాదు. ఆర్కాటుది గాదు, గోల్కొండది గాదు. ఖతీబు సాయిబు ఆ చీటీలేవీ ఆయనకు చెప్పలా. అడుగున ఉండే ఆ మాటే చెప్పినాడు. ఇన్నేండ్లు మా మామ ఫలానా వాడి కొడుకు ఫలానాకు దువా చేసినాడు, అదే పాదుషా పేరనుకోని.

"దాని కింద ఏముండాది?" అని అడిగినాడు మామ. ఏం లేదు మామా, ఉత్త కాయితం అన్నా.

ఎందుకు చెప్పలా అంటావా? చెప్తే బతికిపోతాడు. నైజాము పేరు నేను అనలేదయ్యా అని ఎస్సయ్య ముందర చెప్పుకోవచ్చు. కానీ చెప్తే చదవను రానోడని ఊరికి తెలిసిపోతది. అదొకటా? ఆయనకు ఉండేది ఆ శుక్రవారం ఒకటే. మిగతా ఆరు దినాలు పరుపుల దుమ్ము. నేను పంతొమ్మిదేండ్ల పిల్లను, నాకు నోరు రాలా. పైచీటీ పీకేద్దాం మామా, నీళ్లతో తడిపితే వచ్చేస్తది అన్నా. ఒప్పుకోలా. దువా చేసిన పేరు చించేదానికి నేనెవర్నని పుస్తకం తీసకపోయి గూట్లో పెట్టేసినాడు.

శుక్రవారం పొద్దున ఎస్సయ్య వచ్చినాడు, ఇద్దరు కానిస్టేబుళ్లు. మా అరుగు మీద కుర్చీ ఏసినాం. వీధి వీధంతా వచ్చి నిలబడింది. ఉర్దూ వచ్చినాయన్ను తెస్తానన్నాడే, ఎవర్ని తెచ్చినాడనుకుంటావు? మా నాయన్నే. ఆత్మకూరులో కచ్చేరి అరుగు మీద ఉర్దూ తెలిసినాయన ఎవరంటే ఆయన్నే చూపించినారు. అల్లుడి ఊరని చెప్పుకున్నాడో లేదో. గొడుగు చంకలో పెట్టుకోని తల వంచుకోని వచ్చినాడు. నేను తలుపు సందున నిలబడినాను. నా పక్క చూడలా.

ఎస్సయ్య కాలు మీద కాలేసుకోని, "ఏం సాయిబూ, నైజాముకు దండకం చదవతన్నావంట?" అన్నాడు.

"దేశాన్ని ఏలే పాదుషాకు దువా చేస్తా సార్. ఆచారం" అన్నాడు మామ.

పుస్తకం మా నాయన చేతికిచ్చినారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లా తుడుచుకున్నాడు. ఒక అబద్ధమాడితే ఎవరికి తెలుస్తది, ఆ చుట్టుపక్కల ఆ రాత వచ్చినోడు ఇంకొకడు లేడు. నేను తలుపు కాడ, అబద్ధమాడు నాయనా, అబద్ధమాడు అనుకుంటా ఉండాను. ఆయన ఆడలా. "నైజాముదే సార్" అన్నాడు. ఇప్పటికీ ఆ సంగతిలో మా నాయన మీద నాకు కోపమే. ఆయన పోయి ముప్పై ఏండ్లయింది.

"అయితే లెయ్యి" అన్నాడు ఎస్సయ్య.

మామ లేచినాడు. భయపడినట్టు లేడు. తలపాగా సర్దుకున్నాడు. వెనక్కి తిరిగి అత్తతో, ఏకాల్సిన దిండ్లు రెండుండాయి, పోస్టాఫీసు అయ్యవి, ఆయనకు తిరిగిచ్చెయ్యి అన్నాడు. చెప్పులు ఏసుకుంటన్నాడు.

నేను బయటికి వచ్చినాను. మామ ముందర ఎప్పుడూ గట్టిగా మాట్లాడలా, అంతమంది మొగోళ్ల ముందర అసలే లేదు. "సార్, ఆ పుస్తకం మూసి ఆయన చేత చెప్పించండి. ఆయన చెప్పేది వేరే" అన్నా.

ఎస్సయ్య తిరిగి చూసినాడు. "చూసి చదివేది గదా, మూసి చెప్పడమేంది?" అన్నాడు.

"ఆయనకు చదవను రాదు సార్."

అనేసినాను. మామ నా పక్క చూసినాడు. ఆ చూపు గురించి నన్ను అడగబాక.

చెప్పమన్నారు. చెప్పులు విడిచి నిలబడి మొదలుపెట్టినాడు. అరుగు మీద చెప్తే ఆ వీధి చివరికి వినపడింది. మా నాయన కండ్లు మూసుకోని వింటన్నాడు. దువా కాడికి వచ్చినాక ఉలిక్కిపడి, "మస్తానన్నా, ఆ మాట మళ్లా అను" అన్నాడు. మామ మళ్లా అన్నాడు. ఇంకోసారి అనిపించినాడు. అప్పుడు ఎస్సయ్యకు అర్జీ నమూనా సంగతి చెప్పి, ఈయన చెప్పేది ఎవరి పేరూ గాదు సార్, ఫలానా అంటన్నాడు, అంతే అన్నాడు.

ఎస్సయ్య నవ్వినాడు చూడు. కుర్చీ కిర్రుమనింది. "ఫలానా పాదుషానా? ఆయన్ను యాడ అరెస్టు చేసేది నేను?" అన్నాడు. కానిస్టేబుళ్లు నవ్వినారు, వీధి నవ్వింది. మేలు చేసే నవ్వే అనుకో, మనిషి బతికిపోయినాడని కూడా నవ్వినారు కొందరు. మామ ఆ నవ్వుల మధ్యలో చేతులు కట్టుకోని నిలబడి ఉండాడు.

చీటీ పీకెయ్యమన్నాడు ఎస్సయ్య. పీకడం ఆచారం లేదు సార్, పైన ఇంకొకటి అంటించడమే అన్నాడు మామ. అంటించు అయితే. ఎవరి పేరు సార్ అని మామ అడిగినాడు. దానికి ఎస్సయ్య ఆలోచనలో పడినాడు. గవర్నరు గారిదా, ఢిల్లీ మంత్రులదా, కలెక్టరుదా? రేపు ఎవరన్నా అడిగితే తన మీదికొస్తదేమో. కడాకు, "ఖాళీ కాయితం అంటించు సాయిబూ, నాకెందుకొచ్చిన గోల" అనేసి లేచినాడు. తుమ్మబంక కలిపి నేనే ఇచ్చినాను. ఐదో చీటీ అది, తెల్లది.

మా నాయన బస్సెక్కేటప్పుడు మామ అడిగినాడంట, "ఖతీబు సాయిబు మరిచిపోయినాడా, లేకపోతే దూదేకులోడి నోట్లో పాదుషా పేరెందుకని ఇయ్యలేదా?" అని. మా నాయన గొడుగు చంకలో పెట్టుకోని బస్సెక్కేసినాడు. ఏం చెప్తాడు? పోయేముందర ఖతీబు సాయిబు మామ చేత ఒకసారి చదివించుకోని, శభాష్ మస్తానూ అన్నాడంట. ఆ ఫలానా మాట తన చెవితో విన్నాడు గదా. ఇచ్చి ఉంటే ఆ దినం జైలుకు పోయేవాడని నేను అనుకుంటా. మామ అట్ట అనుకోలా.

ఆ మజ్జాన్నం మామ మసీదుకు పోడనుకున్నా. పోయినాడు. నేను వంటింటి గోడకు ఆనుకోని వింటన్నా. ఖుత్బా సాగింది, గొంతు ఎప్పటి మాదిరే. ఆ పేరు కాడికి వచ్చినాక ఆగిపోయినాడు. ఒక పేరు పలికేంతసేపు ఏమీ లేదు. తరవాత మళ్లా ఎత్తుకున్నాడు.

నాతో మాట మానేసినాడు. ఆ అమ్మాయిని నీళ్లు తెమ్మను, ఆ అమ్మాయిని పక్కకు జరగమను, అంతా అత్త మీద పెట్టి. ఎన్ని నెల్లు! నాకు ఏడుపొచ్చేది. నేను చేసింది తప్పని మాత్రం ఎప్పుడూ అనుకోలా.

మీ నాయన కడుపులో ఉండాడు అప్పుడు. కానుపు కష్టమయింది, రెండు దినాలు. రెండో దినం శుక్రవారం. నాకు తెలివి వస్తాంది, పోతాంది. గోడ అవతల ఖుత్బా వినపడతాంది. ఆ కాడ ఆగినాడు, ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువసేపు ఆగినాడు. అందరూ తలలెత్తి చూసినారంట. తరవాత అత్త చెప్పింది, ఆ చోట నీ పేరు అనుకున్నాడంటనే, ఇంటికొచ్చి నాతో చెప్పినాడని. సాయంత్రానికి మీ నాయన పుట్టినాడు. మామ వాకిట్లో నిలబడి, "అమ్మాయ్, ఎట్టుండావు?" అన్నాడు. నాతోనే. నేను ఏడ్చినాను, ఇంకేం చేస్తా.

అదెట్ట పాకిందో ఊళ్లో పాకింది. ఈ వారం ఆడ మా వాడి పేరు అనుకో సాయిబూ అని వచ్చేవాళ్లు. మిషను బడి టీచరమ్మ బాప్టిస్టులామె, కొడుక్కి విషజ్వరం వస్తే ఆమె కూడా వచ్చి వాకిట్లో నిలబడింది. పేరడిగినాడు, రెండుసార్లు పలికించుకున్నాడు. ఒక రెడ్డి వచ్చి వాన పడాలని అనుకో అన్నాడు. అది గాదయ్యా, పేరున్నోళ్లకే ఆ చోటు అని పంపించేసినాడు. ఎవరిదీ గట్టిగా పలికేవాడు గాదు, ఆగేవాడంతే. నడుం మళ్లా నిలువుగా అయింది.

మద్రాసు నించి విడిపోయి మన రాష్ట్రం మనకొచ్చినాక మామ మంచాన పడినాడు. అప్పటికే నేను మీ తాతకు ఆ పుస్తకం నేర్పతా ఉండాను. నవ్వేవాడు మొదట, నీ కాడ నేర్చుకునేదేందని. మామే కసిరినాడు, చూసి చదవడం నేర్చుకోరా, నా మాదిరి గాకుండా అని. నేర్చుకున్నాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోని చదివేవాడు.

మామ బేస్తవారం పోయినాడు. శుక్రవారం పొద్దున కొండ పక్క పెట్టి వచ్చినారు. మజ్జాన్నం మీ తాత మొదటిసారి ఖుత్బాకు నిలబడినాడు. గోడకు ఇవతల నేను. మీ తాతకు మామ గొంతు లేదు, తడబడతా తడబడతా చదివినాడు. దువా కాడికొచ్చినాడు. తెల్ల చీటీ వచ్చింది. ఆగినాడు.

నూర్‌బాషా పెద్ద మస్తాను సాయిబు అని ఇవతల నేను లోలోపల అనుకున్నా. పేరు కొంచెం పొడుగే గదా. నేను అనడం అయిపోయినాకనే అవతల మీ తాత మళ్లా ఎత్తుకున్నాడు.

ఆపెయ్యమ్మా ఆ డబ్బా, ఇంక చాలు. చల్లంగా ఉండు తల్లీ, నూరేండ్లు చల్లంగా ఉండు...